బాబుకి స్టెరాయిడ్ క్రీము రాయమన్నారు... రాయొచ్చా?

ప్రశ్న: కోనసీమలోని ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమెకి నాలుగేళ్ల బాబు. ఏడాది నిండకముందే బుగ్గల మీద పొక్కులు మొదలయ్యాయి. ఇప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక నిలిచిపోయాయి. రాత్రిళ్లు రక్తం వచ్చేదాకా గోక్కుంటాడు, ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. భర్త రొయ్యల చెరువుల మీద పని చేస్తారు. సంక్రాంతి ముందు ఆయనకి గజ్జల్లో దురద వస్తే మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో తగ్గింది. అదే బాబుకీ రాశారు, మూడు రోజుల్లో చర్మం నున్నగా అయింది. ఆపిన వారానికి మళ్లీ వచ్చింది. అప్పటినుంచి రాయడం, ఆపడం, మళ్లీ రాయడం, బుగ్గలకి కూడా. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లే ఆమె కూడా వేళ్ల సందుల్లో పగుళ్లకి అదే రాసుకుంటున్నారు. ఈ మధ్య కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం డాక్టరుకి చూపిస్తే ఎగ్జిమా అన్నారు. మడతలకి మోమెటసోన్ రోజుకొకసారి 10 రోజులు, బుగ్గలకి డెసొనైడ్ 5 రోజులు, ఒంటికంతటికీ మాయిశ్చరైజర్ రాసిచ్చారు. పెట్టెలోని కాగితంలో ‘స్టెరాయిడ్’ అన్న మాట చూసి ఆమె భయపడ్డారు. “అలవాటు పడితే జన్మంతా వదలదు” అని అత్తగారన్నారు. ఫోనులో చూసిన వీడియోలు ఇంకా భయపెట్టాయి. డాక్టరిచ్చిన ట్యూబులు మూత తియ్యకుండా అలమరలో ఉన్నాయి, పాతది మాత్రం నడుస్తోంది. “స్టెరాయిడ్ లేకుండా తగ్గించుకునే దారి లేదా? రాస్తే నా బిడ్డ చర్మం పాడైపోతుందా?” అని అడుగుతున్నారు.

జవాబు: మీ ఉత్తరంతో పాటు పాత ట్యూబు వెనక ఉన్న పేర్లు రాసి పంపడం చాలా మంచి పని. అందులో మొదటి పేరు క్లోబెటసాల్. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో దానికంటే బలమైన తరగతి లేదు. పన్నెండేళ్లలోపు పిల్లలకి దాన్ని మామూలుగా వాడరు. దానికి ఒక యాంటీబయాటిక్కు, ఒక ఫంగస్ మందు కలిపి అమ్ముతున్నారు. అంటే స్టెరాయిడ్ వద్దనుకుని మీరు డాక్టరు మందు పక్కన పెట్టారు గానీ, బాబుకి సంక్రాంతి నుంచి పడుతున్నది స్టెరాయిడే. అదీ డాక్టరు రాసిన రెండింటికంటే ఎన్నో రెట్లు ఘాటైనది. మిమ్మల్ని నిందించడానికి చెప్పడం లేదు. షాపులో ఇచ్చినప్పుడు ఎవరూ ఆ మాట చెప్పరు, ట్యూబు మీద సన్న అక్షరాల్లో ఉన్నది ఎవరూ చదవరు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత మందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు.

ఇక మీద ఏ ట్యూబు కొన్నా వెనక వైపు చూడండి. హైడ్రోకార్టిసోన్, డెసొనైడ్ తేలిక రకాలు. మోమెటసోన్, బెటామెథసోన్ బలమైనవి. క్లోబెటసాల్ అన్నిటికంటే పైన. పక్కన ఉండే శాతం అంకె చూసి మోసపోవద్దు. 1 శాతం హైడ్రోకార్టిసోన్ కంటే 0.05 శాతం క్లోబెటసాల్ కొన్ని వందల రెట్లు బలమైనది.

ఎగ్జిమాలో జరిగేదేమిటంటే, చర్మపు పై పొర తేమను పట్టి ఉంచలేదు. సబ్బు, చెమట, దుమ్ము లోపలికి దిగుతాయి, లోపల వాపు పుడుతుంది, దురద పుడుతుంది. గోకితే పొర ఇంకా చిరుగుతుంది, దురద ఇంకా పెరుగుతుంది. స్టెరాయిడ్ ఆ వాపును తగ్గిస్తుంది. 1952లో హైడ్రోకార్టిసోన్ పూత ఎగ్జిమా మీద పనిచేస్తుందని తేలింది. డెబ్బై ఏళ్లు దాటినా పిల్లల ఎగ్జిమా ముదిరినప్పుడు డాక్టర్లు మొదట చేతిలోకి తీసుకునేది ఈ మందునే, ఎందుకంటే ఇంత త్వరగా దురద ఆపి నిద్ర పట్టించేది ఇంకొకటి దొరకడం కష్టం. అయితే అది వాపును ఆపుతుందే గానీ పొరను అతకదు. పొరను చూసుకునే పని మాయిశ్చరైజర్‌ది. ఆ సగం పని చెయ్యకుండా క్రీము ఒక్కటే రాస్తే, మీకు జరిగినట్టే, ఆపిన వారానికి తిరగబెడుతుంది. దాన్ని చూసి అలవాటు పడిందనుకుంటారు. చాలాసార్లు అది అలవాటు కాదు, పూర్తిగా మానకముందే ఆపడం.

అలాగని మీ అత్తగారి భయాన్ని కొట్టిపారెయ్యను, అందులో నిజం ఉంది. ఘాటైన రకాన్ని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్ర నరాలు పైకి కనిపిస్తాయి. గజ్జల్లో, చంకల్లో, తొడల లోపలివైపు చారలు పడితే మళ్లీ పోవు. ముఖం మీదైతే మొటిమల్లాంటి పొక్కులు, నూగు వెంట్రుకలు, ఎండలోకి వెళ్తే మంట. కనురెప్పల మీద ఏళ్ల తరబడి రాస్తే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావొచ్చు. పిల్లల్లో ఒంట్లో ఎక్కువ భాగానికి ఘాటైన రకం రాస్తే అది రక్తంలోకి చేరి, శరీరం సొంతంగా తయారు చేసుకునే స్టెరాయిడ్‌ను తగ్గించేస్తుంది, ఎదుగుదల మందగిస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ ఇవి ఎక్కడ, ఎంత బలమైనది, ఎన్నాళ్లు అన్న మూడింటి మీద ఆధారపడి ఉంటాయి. ముంజేతి చర్మం ఎంత మందు పీల్చుకుంటుందో నుదురు దానికి 6 రెట్లు, దవడ దగ్గర 13 రెట్లు పీల్చుకుంటుంది. అరికాలు అందులో ఏడో వంతు కూడా పీల్చుకోదు. మీ డాక్టరు బుగ్గలకి ఒకటి, మడతలకి ఇంకొకటి రాసింది ఇందుకే. 5 రోజులు, 10 రోజులు అని గీత గీసిందీ ఇందుకే. ఆ చీటీలో రాసినట్టు వాడితే పైన చెప్పిన నష్టాలు వచ్చే అవకాశం చాలా తక్కువ.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

స్టెరాయిడ్ అసలు వద్దు, మాయిశ్చరైజర్‌తోనే సరిపెట్టుకుంటాను అనొచ్చు. చర్మం కాస్త పొడిబారి, అప్పుడప్పుడు దురద పెట్టే పిల్లలకి అది సరిపోతుంది. రక్తం వచ్చేలా గోక్కుంటున్న బాబుకి సరిపోదు. నెలల తరబడి గోకితే ఆ చోట చర్మం నల్లగా, మందంగా, బిరుసుగా తయారవుతుంది, తర్వాత దానికి ఇంకా బలమైన మందు, ఇంకా ఎక్కువ రోజులు కావాల్సి వస్తుంది. గోళ్ల గీతల్లోంచి సూక్ష్మజీవులు దిగి చీము పడుతుంది. మందు రాయకపోవడానికి కూడా నష్టం ఉందని మీరు లెక్కలోకి తీసుకోవాలి.

రెండోది టాక్రోలిమస్. ఇది స్టెరాయిడ్ కాదు, చర్మాన్ని పలచబరచదు, అందుకే ముఖానికి, కనురెప్పలకి, మడతలకి పనికొస్తుంది. రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా 0.03 శాతం వాడతారు. ఇబ్బందులు కూడా చెప్పాలి. ఖరీదు ఎక్కువ, మొదటి నాలుగైదు రోజులు చురచురమని మండుతుంది, గుణం నెమ్మదిగా కనిపిస్తుంది, చీము పట్టిన చోట రాయకూడదు. పెట్టె మీద కాన్సర్ హెచ్చరిక చూసి మళ్లీ భయపడతారని ముందే చెబుతున్నాను. పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశీలనలు ఆ భయాన్ని బలపరచలేదు. చాలామంది డాక్టర్లు ముందు స్టెరాయిడ్‌తో వాపు దించి, తర్వాత దీని మీదకి మారుస్తారు. నేరుగా దీంతో మొదలుపెడితే పచ్చి చర్మం మీద మంటకి పిల్లవాడు మళ్లీ చెయ్యి వెయ్యనివ్వడు.

మూడోది డాక్టరు చీటీ ప్రకారం వాడటం. నాకు మీ బాబుకి ఇదే తగినదనిపిస్తోంది. కాకపోతే ఒక ముఖ్యమైన మాట: ఆరేడు నెలలుగా క్లోబెటసాల్ రాస్తున్న సంగతి డాక్టరుకి చెప్పలేదని రాశారు. అది వెంటనే చెప్పాలి. అన్నాళ్లు ఘాటైనది రాసిన బుగ్గల మీద ఒక్కసారిగా ఆపితే కొందరికి ముఖం జేవురించి, మంట, పొట్టు రాలడం కొన్నాళ్లు ఉంటాయి. అది చూసి మళ్లీ పాత ట్యూబు పట్టుకుంటే ఇక దాన్నుంచి బయటపడలేరు. తేలిక రకంతో మెట్టు మెట్టుగా దించాలి, ఎన్ని రోజుల్లో దించాలో బాబు బుగ్గలు చూసి డాక్టరే చెప్పాలి. బాబు ఈ మధ్య బాగా నీరసంగా ఉంటున్నా, వాంతులవుతున్నా, ముఖం గుండ్రంగా ఉబ్బినట్టున్నా, ఎత్తు పెరగడం ఆగినట్టున్నా ఆ మాటా చెప్పండి. అలాంటివుంటే పాత మందు కూడా మీ అంతట మీరు ఆపకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎవరైనా ఒక సూది వేస్తే పోతుందంటే మాత్రం ఒప్పుకోకండి. ఊళ్లో వేసే ఆ సూది కూడా ఎక్కువగా స్టెరాయిడే. రెండు వారాలు హాయిగా ఉంటుంది, దాని బలం తగ్గాక ఎగ్జిమా ముందుకంటే ఎక్కువగా పైకి వస్తుంది.

క్రీము ఎంత రాయాలన్నది చీటీలో ఉండదు, అక్కడే ఎక్కువమంది తడబడతారు. మీ చూపుడు వేలి చివరి గీత నుంచి వేలి కొస దాకా ట్యూబులోంచి ఒక వరస పిండండి. అది సుమారు అర గ్రాము. వేళ్లతో సహా మీవి రెండు అరచేతులు పెడితే ఎంత మేర కప్పుతుందో అంత చోటికి ఆ వరస సరిపోతుంది. మీ బాబు రెండు మోచేతి మడతలు, రెండు మోకాళ్ల వెనక మచ్చలు కలిపితే దాదాపు అంతే ఉంటాయని మీ వివరాన్ని బట్టి తెలుస్తోంది. అంటే రోజుకి ఒక వరస, 10 రోజులకి 5 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు ఆ పది రోజుల్లో ఖాళీ అయిపోతే ఎక్కువ రాస్తున్నట్టు. భయంతో కందిగింజంత తీసి నాలుగు చోట్లా పులిమితే రోగం తగ్గదు, రోజులు మాత్రం పెరుగుతాయి. గట్టిగా రుద్దనక్కర్లేదు, వెంట్రుకలు వాలిన దిశలో పలచగా పరిచి వదిలెయ్యండి. మాయిశ్చరైజర్‌కి, దీనికి మధ్య 15 నుంచి 30 నిమిషాలు ఎడం ఉండాలి, లేకపోతే స్టెరాయిడ్ అవసరం లేని చోటికి కూడా జారుతుంది. రాసిన చోట కట్టు కట్టడం, ప్లాస్టిక్ చుట్టడం చెయ్యొద్దు, పీల్చుకోవడం పెరిగిపోతుంది.

ఎప్పుడు ఆపాలో కంటితో కాదు, వేలితో తెలుసుకోవాలి. మన చామనచాయ చర్మం మీద ఎర్రదనం సరిగా కనపడదు, గోధుమ రంగులోనో వంగపండు రంగులోనో ఉంటుంది. వాపు తగ్గాక నల్లమచ్చో తెల్లమచ్చో మిగులుతుంది. దాన్ని రోగమనుకుని పోయేదాకా నెలల తరబడి రాస్తారు, చర్మం పలచబడేది ఇక్కడే. కళ్లు మూసుకుని వేలు పెట్టి చూడండి. గరుకు పోయి, దురద పోయి, పక్కనున్న చర్మంలాగే తగిలితే అయిపోయినట్టు. ఒకటి రెండు రోజులు నున్నగా తగలగానే ఆపకండి, డాక్టరు చెప్పిన రోజులు పూర్తి చెయ్యండి. నివురు గప్పిన నిప్పులా లోపల వాపు ఇంకా ఉంటుంది. ఇక మిగిలిన మచ్చ రంగు కలవడానికి నెలలు పడుతుంది, దానికి ఏ క్రీమూ అక్కర్లేదు. తెల్లమచ్చ చూసి బొల్లి అని ఎవరైనా బెదిరిస్తే నమ్మొద్దు. సందేహముంటే డాక్టరుకి చూపించండి.

తగ్గినట్టే తగ్గి నెలకోసారి అదే మడతల్లో తిరగబెడుతుంటే, వారానికి రెండు రోజులు, ఉదాహరణకి శని ఆదివారాలు మాత్రమే, ఆ చోట్ల రాయడమనే పద్ధతి ఒకటుంది. ముదిరాక పది రోజులు రాయడం కంటే మొత్తం మీద తక్కువ మందు పడుతుంది. దీన్ని డాక్టరు చెబితేనే మొదలుపెట్టండి, ముఖానికి సొంతంగా వాడొద్దు.

స్నానం సంగతి మీ అత్తగారికి చెప్పాల్సింది. నలుగు పెట్టి రుద్దడం, సున్నిపిండి, వేపాకు నీళ్లు, పసుపు, ఇవన్నీ మంచి చర్మానికి సరే, చిరిగిన చర్మాన్ని గీరుతాయి, మండిస్తాయి. గోరువెచ్చని నీళ్లు, ఐదు పది నిమిషాలు, సబ్బు మురికి ఉన్న చోటే. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. వారానికి 150 నుంచి 250 గ్రాములు ఖర్చయ్యేంత ధారాళంగా రాయాలి. సువాసన లేనిదే కొనండి. మన వైపు ఎండాకాలం ఉక్కలో వాజలీన్ లాంటి చిక్కటివి రాస్తే చెమట కాయలు లేస్తాయి, అప్పుడు పలచని లోషన్ వాడి, చిక్కటివి చలికాలానికి ఉంచండి. గానుగ కొబ్బరినూనె మీ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి అడుగుతారు: చర్మం పగిలి రసి కారనప్పుడు నిక్షేపంగా రాయొచ్చు, కర్పూరం కలపకుండా. ఆవనూనె వద్దు. బాబు గోళ్లు రెండు మూడు రోజులకోసారి కత్తిరించండి. నైలాన్ బట్టలు వద్దు.

పథ్యం పేరుతో బాబుకి గుడ్డు, చేప, వంకాయ మానిపించారని రాశారు. ఏదైనా తిన్న నిమిషాల్లో, రెండు గంటల్లోపు దద్దుర్లో, పెదవుల వాపో, వాంతులో వస్తే అది ఎలర్జీ, మానెయ్యాలి. అలాంటిదేమీ లేకుండా ఊహ మీద మానిపిస్తే ఎదిగే పిల్లవాడికి మాంసకృత్తులు తగ్గడమే మిగులుతుంది.

మీ భర్త విషయం వేరు. గుండ్రంగా, అంచు ఉబ్బి, మధ్యలో తేరుకున్నట్టుండి, గజ్జల నుంచి పిరుదుల మీదికి పాకుతోందని రాశారు. ఇది ఎగ్జిమా కాదు, ఫంగస్ వల్ల వచ్చే తామర అయ్యుండాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే దురద, ఎరుపు రెండు రోజుల్లో పోతాయి, ఫంగస్ మాత్రం కింద హాయిగా పెరుగుతుంది, అంచు చెరిగిపోయి డాక్టరు కూడా పోల్చుకోలేని రూపానికి వస్తుంది. దేశమంతా ఇప్పుడు తామర ఇంత మొండిగా తయారవడానికి ఈ కలిపిన క్రీములు ఒక పెద్ద కారణం. ఆయన అది పూర్తిగా ఆపాలి. ఆపిన వారం పది రోజులు దురద పెరుగుతుంది, ముందే తెలిసి ఉంటే తట్టుకోగలరు. స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీము మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటిదాకా రాసి, తగ్గినట్టు కనిపించాక ఇంకో రెండు వారాలు కొనసాగించాలి. ఇంత పాకాక మాత్రలు కూడా కావాల్సి రావొచ్చు, వాటికి డాక్టరు చీటీ ఉండాల్సిందే. చెరువు నుంచి రాగానే తడి బట్టలు మార్చడం, తువ్వాలు ఎవరిది వారికి వేరుగా పెట్టడం, లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి ఇస్త్రీ చెయ్యడం, ఇవి లేకపోతే మందు ఒక్కటే గెలవలేదు. బాబు మచ్చల్లో ఏదైనా ఇలా గుండ్రంగా ఉంటే అక్కడ మోమెటసోన్ రాయకుండా చూపించండి.

ఇక మీ చేతులు. మీరు మీ గురించి ఒక్క వాక్యమే రాశారు గానీ దాన్ని దాటిపోలేను. ఐసు నీళ్లు, రొయ్య రసం, పెంకు గీతలు రోజంతా తగిలితే ఎవరి చర్మమైనా పగులుతుంది. అరచేతి చర్మం మందం కాబట్టి మీకు ఘాటైన రకమే డాక్టరు రాయొచ్చు, కొన్ని వారాలకి. బాబు బుగ్గకి తగని మందు మీ అరచేతికి తగినదే కావొచ్చు, ఆశ్చర్యపోవద్దు. కానీ రబ్బరు గ్లవుజుల లోపల పలచని నూలు గ్లవుజులు వేసుకుని, అవి తడిసినప్పుడల్లా మార్చుకుంటేనే ఆ మందు నిలుస్తుంది. రొయ్య ముట్టుకున్న పావుగంటలో దద్దుర్లు లేస్తున్నాయేమో గమనించండి. అలాగైతే అది ఎలర్జీ, షెడ్డులో వేరే పని అడగడం గురించి ఆలోచించాల్సి వస్తుంది. ఆ కూలి మీ ఇంటికి ఎంత అవసరమో ఉత్తరంలో తెలుస్తూనే ఉంది, అందుకే ముందు గ్లవుజులతో ప్రయత్నించమంటున్నాను. వేళ్ల సందుల్లో రాత్రిపూటే దురద ఎక్కువై, ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి, దాని మందు పూర్తిగా వేరు. అందరూ ఒకేసారి రాసుకోవాలి.

బాబుకి మచ్చల మీద ఒకే సైజులో చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి గుంటలు పడి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, మర్నాటిదాకా ఆగొద్దు. పసుపు రంగు పక్కులు కడితే చీము పట్టినట్టు, అదీ చూపించాలి. వారం పది రోజులు సరిగ్గా రాసినా తేడా లేకపోతే బలం పెంచుకోకుండా తిరిగి వెళ్లండి. రోగమే వేరేదై ఉండొచ్చు.

కాకినాడ వెళ్లేటప్పుడు ముగ్గురూ కలిసి వెళ్లండి, ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, ఖాళీవి సహా, ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. మీ వారి మచ్చ గీకి పరీక్షకి పంపాల్సి వస్తుంది కాబట్టి, ఆయన అంతకు ముందు కొన్ని రోజులు ఏ క్రీమూ రాయకుండా ఉండాలి, వెళ్లే రోజు నూనె కూడా పట్టించకూడదు.